పెట్టుబడి ఇచ్చాం, ప్రచారం మరిచాం

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొద్దిపాటి డబ్బుతో మొదలుపెట్టిన చిన్న వ్యాపారం గురించి నలుగురికీ ఎలా తెలియజేయాలి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. మేము వ్యాపారులం కాదు. సుద్దముక్క పట్టుకుని బతికినవాళ్లం. కానీ సాయం ఎవరికి ఇవ్వాలో చూసే కమిటీలో కొన్నేళ్లుగా ఉన్నాం. బడిలో పిల్లవాడు లెక్క తప్పు చేస్తే, ఏ మెట్టు దగ్గర తప్పిందో చూపించి మళ్లీ చేయిస్తాం. ఇవాళ మేము తప్పు చేసిన లెక్క ఒకటి మీ ముందు పెడతాం.

కొన్నేళ్ల కిందట ఒక చెల్లెమ్మ మా దగ్గరికి వచ్చింది. భర్త ఆటో నడిపేవాడు, చనిపోయాడు. ఇద్దరు పిల్లలు బడిలో ఉన్నారు. ఆమె చేతి ఆవకాయ, మాగాయ తిన్నవాళ్లెవరూ మరిచిపోరు. నూజివీడు తోటలు పక్కనే ఉండగా కాయకు కొదవ లేదు. మేము 20,000 రూపాయల పెట్టుబడి ఇచ్చాం. పొయ్యి, మిక్సీ, జాడీలు, నూనె, కారం అన్నీ దగ్గరుండి కొనిపెట్టాం. ఆమె అరవై కిలోల పచ్చడి పెట్టింది.

ప్రారంభోత్సవం రోజు షామియానా వేశాం. ఫ్లెక్సీ కట్టాం. ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ మా కళ్ల ముందు ఉంది. దాని మీద మా కమిటీవాళ్ల ఫొటోలు తొమ్మిది ఉన్నాయి, హోదాల వరుసలో. అడుగున చిన్న అక్షరాల్లో 'లబ్ధిదారు' అని ఆమె పేరు. ఏం అమ్ముతున్నారో లేదు, ఎక్కడ దొరుకుతుందో లేదు. ఆమె ఫోన్ నంబరు అసలే లేదు.

తర్వాత రెండు నెలలు తెలిసినవాళ్లే కొన్నారు. కొన్నారని కాదు, తీసుకెళ్లారు. "డబ్బులు మళ్లీ ఇస్తాం అమ్మా" అన్నవాళ్లు కొందరు. "సొసైటీ డబ్బే కదా, అంత తొందరేంటి" అన్నవాళ్లూ ఉన్నారు. వానలు పడేనాటికి సగం పచ్చడి జాడీల్లోనే ఉంది, చాలా డబ్బు అరువులో ఉంది. మేము రిజిస్టరులో ఒక్క వాక్యం రాశాం: లబ్ధిదారు వ్యాపారాన్ని సక్రమంగా నడపలేకపోయారు.

ఆ వాక్యం రాసినందుకు మేము సిగ్గుపడుతున్నాం. ఎందుకంటే కొన్నాళ్ల తర్వాత ఆమే మాతో అన్నది: "మాస్టారూ, పచ్చడి బాగోలేదని ఒక్కరూ అనలేదు. నేను పచ్చడి పెడతానని ఊళ్లో తెలిసిందే ముప్పై మందికి. అందులో ఇరవై మందిది అరువే."

లెక్క తప్పింది అక్కడ. వస్తువు తయారు కావడానికి డబ్బు ఇచ్చాం. ఆ వస్తువు ఉందని తెలియడానికి ఒక్క రూపాయి ఇవ్వలేదు.

మన ఊరినే చూడండి. హనుమాన్ జంక్షన్ అంటేనే నాలుగు దారులు కలిసే చోటు. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఒక వైపు నూజివీడు, ఇంకో వైపు గుడివాడ మీదుగా బందరు. ఇంతమంది తిరిగే చోట వేరే ప్రచారం ఎందుకు, సెంటర్లో కొట్టు పెడితే చాలదా అనుకునేవాళ్లం. కానీ సెంటర్లో అద్దె ఎంతో మీకు తెలుసు. పైగా జాతీయ రహదారికి బైపాస్ వచ్చాక దూరప్రయాణం కార్లు చాలావరకు అటే వెళ్లిపోతున్నాయి. మన వాకిట్లోంచి మనిషి పోవడం లేదంటే, మన ఫోన్ నంబరే ఆ మనిషి దగ్గరికి పోవాలి.

దీనికి పెద్ద డబ్బు అక్కరలేదని మన జిల్లా మనిషే ఎప్పుడో చూపించాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. పత్రికాధిపతిగా, దేశోద్ధారకుడిగా ఆయన అందరికీ తెలుసు. అంతకుముందు ఆయన వ్యాపారి. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. భాష వేరైన మహానగరంలో కొత్త మందును ఎవరు నమ్ముతారు? ఆయన సంగీత కచేరీలు జరిగే చోట అమృతాంజనాన్ని ఉచితంగా పంచేవారు. ఒకసారి నుదుటికి రాసుకున్న మనిషికి ఇక ప్రకటనతో పని లేదు, గుణం తనకే తెలిసింది. ఆ అమ్మకాల మీద వచ్చిన ఆదాయమే తర్వాత 1908లో ఆంధ్రపత్రికకు బలమైంది. చిన్న వ్యాపారి చేయాల్సిన పని ఇందులోనే ఉంది. గొప్పలు చెప్పనక్కరలేదు, రుచి చూపిస్తే చాలు. అదీ ఆ వస్తువు అవసరమైన మనిషి కూర్చున్న చోటికి వెళ్లి చూపించాలి.

మరుసటి వేసవిలో ఆ చెల్లెమ్మను మళ్లీ మొదలుపెట్టమని అడిగాం. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "ఈసారి ఫ్లెక్సీ వద్దు" అన్నది. మేము నవ్వలేకపోయాం. అప్పుడు నల్లబల్ల మీద వేసినట్టు ఒక లెక్క వేశాం. మొత్తం 20,000లో పదో వంతు, అంటే 2,000 రూపాయలు ప్రచారానికి విడిగా తీసిపెట్టాం. అవి ఎలా ఖర్చయ్యాయో చెబుతాం.

యాభై గ్రాముల రుచి పొట్లాలు నలభై. ఒక్కోటి పచ్చడి ఖరీదు, కవరు కలిపి 15 రూపాయలు. మొత్తం 600.

సీసాలకు లేబుళ్లు 200. ఒక్కోటి రెండు రూపాయలు. మొత్తం 400. పేరు, వాడిన దినుసులు, బరువు, పెట్టిన తేదీ, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, చిరునామా, ఆహార రిజిస్ట్రేషన్ నంబరు, శాకాహారమని తెలిపే పచ్చ గుర్తు. అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు.

ఇంటి ముందు చిన్న బోర్డు 300. దాని మీద మా ఫొటోలు లేవు.

ఫోన్ రీచార్జి 200.

మిగిలిన 500 పక్కన ఉంచాం. ఎవరి సీసా అయినా బూజు పట్టినా, నూనె కారినా, మారు మాట లేకుండా కొత్తది ఇవ్వడానికి. ఇదీ ప్రచారమేనా అని కమిటీలో ఒకరు అడిగారు. చెడిపోయిన సీసా తీసుకుని మంచిది ఇస్తే ఆ ఇల్లాలు పదిమందికి చెబుతుంది. వెయ్యి కరపత్రాలు దినపత్రికల్లో పెట్టి పంచినా అంత నమ్మకం రాదు. ఆ కరపత్రాల్లో మధ్యాహ్నానికి మిర్చి బజ్జీలు చుడతారు.

నలభై పొట్లాలూ ఎవరికి ఇవ్వాలి? ఈసారి మా బంధువులకు ఇవ్వలేదు. పచ్చడి అవసరం ఉండి, పెట్టుకునే తీరిక లేనివాళ్లు ఎవరని ఆలోచించాం. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పిల్లలు ఆరేళ్లు హాస్టల్లో ఉండి చదువుతారు. వాళ్లను చూడటానికి వచ్చే తల్లిదండ్రులకు కొన్ని ఇచ్చాం. మా బడి స్టాఫ్ రూములో కొన్ని. ఆసుపత్రి నర్సులకు, బ్యాంకు ఉద్యోగులకు, బయటి ఊళ్ల నుంచి వచ్చి గదుల్లో ఉండేవాళ్లకు కొన్ని. ఇందులో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. మన వాడలోనే తిరిగే వ్యాపారం అరువు దగ్గర ఆగిపోతుంది. వాడ దాటితే నగదు కనిపిస్తుంది.

నలభై మందిలో పదకొండు మంది ఫోన్ చేశారు. మిగతా ఇరవై తొమ్మిది పొట్లాలు వృథా కదా అంటారేమో. కాదు. ఆ పదకొండు మందిని ఆమె ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. పేరు, నంబరు, ఏం తీసుకున్నారు, ఉప్పు ఎక్కువైందన్నారా, కారం తగ్గించమన్నారా. అది చూస్తే మాకు మా హాజరుపట్టీ గుర్తొచ్చింది. రోజూ వచ్చే పిల్లవాడి కన్నా రాని పిల్లవాడి కోసం హాజరుపట్టీ ఎక్కువ అవసరం. ఒకసారి కొని మళ్లీ రానివాళ్లకు ఆమే ఫోన్ చేసి "అమ్మా, పచ్చడి ఎలా ఉంది, ఏమైనా లోపం ఉందా" అని అడిగేది. అమ్మకం మాట ఎత్తేది కాదు. సగం మంది ఆ ఫోన్లోనే ఇంకో కిలో చెప్పేవారు.

ఫోన్‌తో ఉచితంగా అయ్యే పనులు కొన్ని ఉన్నాయి. మీరు సాయం చేసే పిల్లలకు ఇవి నేర్పించండి. వాట్సాప్ బిజినెస్‌లో వస్తువు ఫొటో, ధర పెట్టుకోవచ్చు. గూగుల్ మ్యాప్‌లో కొట్టు పేరు నమోదు చేయడానికి రుసుము లేదు. పంక్చర్ షాపుకైనా, టైలరింగుకైనా, బిర్యానీ పాయింటుకైనా అది పనికొస్తుంది. దారిలో టైరు పేలినవాడు గోడల మీద రాతలు చూడడు, ఫోన్లో వెతుకుతాడు. రోజూ 'శుభోదయం' బొమ్మలు మాత్రం పంపవద్దు. కొత్త జాడీ తీసిన రోజున ఒక్క కబురు చాలు. చిరు పరిశ్రమకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఇంట్లో ఆహారం చేసి అమ్మే చిన్నవాళ్లకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఈ రెండు కాగితాలకూ వేలు గుంజే దళారులు ఉన్నారు. మన కాలేజీ పిల్లలు ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని ఇది.

ప్రచారం గురించి మాట్లాడుతూ నిజం గురించి మాట్లాడకపోతే తప్పవుతుంది. మదీనా బజారులో ప్రవక్త (స) ఒక ధాన్యపు కుప్పలో చేయి పెడితే లోపల తడి తగిలిన సంగతి మీరందరూ విన్నదే. వాన వల్ల తడిసిందన్నాడు అమ్మేవాడు. తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మామిడి సీజనులో మన రోడ్డు పక్కన పెట్టెలు చూడండి. పై వరుసలో బంగారంలాంటి కాయలు, అడుగున మచ్చపడ్డవి. కార్బైడ్‌తో పండించడం చట్టం నిషేధించిన పని. అయినా కొన్నిచోట్ల అదే కాయ మీద 'గడ్డిలో మగ్గబెట్టినది' అని బోర్డు ఉంటుంది. పెద్ద కంపెనీ ఒక అబద్ధం తట్టుకుని నిలబడవచ్చు. మన చిన్నవాళ్లకు ఉన్న ఆస్తి మాటే. చిన్నరసాలు అయితే చిన్నరసాలు అనాలి, పక్క జిల్లా కాయ అయితే ఆ మాటే చెప్పాలి. ఆ చెల్లెమ్మ ఒకసారి కాయ దొరక్క వేరే రకంతో ఆవకాయ పెట్టింది. ముక్క తొందరగా మెత్తబడుతుంది, రెండు నెలల్లో వాడేయండి అని సీసా మీద చేత్తో రాసి అమ్మింది. ఆ సీసాలు ముందే అయిపోయాయి.

ఇప్పుడు ఆమె వ్యాపారం ఎంత? ధనవంతురాలు కాలేదు. పిల్లల ఫీజు, ఇంటి అద్దె తన సంపాదనతోనే కడుతున్నది. ఖర్జె హసనగా ఇచ్చిన రెండో విడత డబ్బు నెలనెలా తిరిగి జమ చేస్తున్నది. ఆ డబ్బు ఇంకొకరికి వెళుతున్నది. మాకు ఇది చాలు.

1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తీసుకుని అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. మొదటి రోజు నాలుగు ప్యాకెట్లు. అదే నేటి లిజ్జత్ పాపడ్. నష్టం వచ్చినా సరే, ఎవరినీ విరాళం అడగకూడదని వాళ్లు మొదట్లోనే నిర్ణయించుకున్నారట. దాతల సభలో ఈ మాట చెప్పవచ్చా అని ఆలోచించాం. చెప్పాలనే అనిపించింది. మన సాయం పొందిన మనిషికి రెండో ఏడు కూడా దాతే కావలసి వస్తే, మొదటి ఏడు మనం ఇచ్చినదాంట్లో ఏదో లోపం ఉంది. ఆమెకు కావలసింది కొనేవాడు.

అందుకని మీతో మూడు మనవులు.

మొదటిది, ఇకపై ఎవరికి వ్యాపారానికి సాయం ఇచ్చినా పదో వంతు ప్రచారానికి విడిగా ఉంచుదాం. కుట్టుమిషను ఇచ్చినా, తోపుడు బండి ఇచ్చినా ఇదే పద్ధతి.

రెండోది, మన పిల్లల దగ్గర కొన్నప్పుడు అక్కడికక్కడే డబ్బు ఇద్దాం. బేరం ఆడవద్దు, అరువు పెట్టవద్దు. మనకు తెలిసిన ఒక్క బయటి మనిషికి ఆ కొట్టు చూపిద్దాం. అప్పుడు మీరు ఇచ్చిన విరాళం రెండింతలవుతుంది.

మూడోది కొంచెం కష్టం. ప్రారంభోత్సవం ఫొటోలో మనం లేకపోయినా ఫరవాలేదని అనుకుందాం. ఆ బోర్డు మీద స్థలం ఆమె ఫోన్ నంబరుకు వదిలేద్దాం. మన పేరు రాసేవాడు పైన ఉన్నాడు.

తోటల్లో ఇప్పుడు పూత పిందె అవుతోంది. ఇంకో రెండు నెలల్లో పచ్చడి కాయ దిగుతుంది. ఈసారి సాయం కోసం మా దగ్గరికి వచ్చిన దరఖాస్తుల్లో పచ్చళ్లవి ఉన్నాయి, తాండ్రవి ఉన్నాయి, పండ్ల బండివి ఉన్నాయి. పెట్టుబడి ఇచ్చే ముందే ప్రతి దరఖాస్తు మీద ఒక ప్రశ్న రాశాం: మీ మొదటి నలభై పొట్లాలు ఎవరికి? జవాబు రాయలేనివాళ్ల పక్కన మనం కూర్చుని రాయిద్దాం. ఇన్షా అల్లాహ్.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ఇవ్వాలని, ఇచ్చే చేతులను కాపాడాలని, తీసుకున్న చేతులను ఇచ్చే చేతులుగా మార్చాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం. ఆమీన్.