సెలవులలో దుబాయి పోయి నేర్చుకొన్న సంగతులు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



దుబాయి ముచ్చట్లు నాలుగు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేమిద్దరం బడిపంతుళ్లం. వేసవి సెలవులలో, చిన్ననాడు సిద్దిపేటలో మాతోపాటు చదువుకొన్న దోస్తులు పిలిస్తే దుబాయి, షార్జాలకు పోయి పదిహేను రోజులు ఉండివచ్చాము. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను మెడలు నొచ్చేదాక చూశాము. దాని ఫొటోలు అందరి ఫోన్లలో ఉన్నవే. అటువంటి మేడలు కట్టే మనుషులు రాత్రి ఎక్కడ పడుకొంటారో చూశాము, చెప్పవలసింది అది.

దుబాయిలో కార్మికులు ఉండే ఒక పేటను మనవాళ్లు సోనాపూర్ అంటారు. బంగారు ఊరన్న మాట! సర్కారు కాగితాలలో దాని పేరు ముహైస్నా. మేము పోయిన గదిలో మంచం మీద మంచం వేసి ఎనిమిది మంది ఉన్నారు. సిద్దిపేట, సిరిసిల్ల, జగిత్యాల వాళ్ల పక్కనే నేపాలు, బంగ్లాదేశ్, పెషావర్ వాళ్లు. వంట వంతులవారీగా, తినడం ఒకే దస్తర్‌ఖాన్ మీద. ఆ రోజు మనవాళ్లు పచ్చిపులుసు చేస్తే పఠాన్ భాయి రెండుసార్లు అడిగి పోయించుకొన్నాడు. ఒకరికి జ్వరమొస్తే ఏడుగురు చూసుకొంటారు. ఇంటిగోడల దగ్గర తగవు పడే మనకు ఇది మొదటి పాఠం.

రెండవ పాఠం చేదుది. ఆ గదిలోనే మన ప్రాంతపు కుర్రాడొకడు ఉన్నాడు. స్టోరులో లెక్కలు రాసే పని అని చెప్పి ఒక ఏజెంటు లక్షా ఇరవై వేలు తీసుకొన్నాడట. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు. చేతికిచ్చింది విజిట్ వీసా. అక్కడ దొరికింది ఇటుకలు మోసే పని, అదీ దొంగచాటుగా. గడువు దాటి ఇప్పుడు 'ఖల్లివల్లి' అయ్యాడు. "ఇంటికి పోదామంటే జుర్మానా, ఉందామంటే భయం. అమ్మకు మాత్రం స్టోరులనే ఉన్న అని చెప్తున్న సార్" అన్నాడు. మాకు ఏం చెప్పాలో తోచలేదు.

విజిట్ వీసా చూడబోయేవారికి. పని చేసుకోబోయేవారికి కాదు. దాని మీద పోయినవానికి నౌకరీ ఒప్పందం ఉండదు, జీతం ఆగితే ఫిర్యాదు చేసే బలం ఉండదు. పని వీసా మీద ఎమిగ్రేషన్ అనుమతితో పోయేవానికి ప్రవాసీ భారతీయ బీమా ఉంది. 2017లో సవరించిన ఆ పథకంలో రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు వస్తాయి. మిత్తి పైసలతో పోల్చితే ఇదెంత?

ఆ దేశంలోనూ చట్టాలు లేకపోలేదు. 2021లో చేసిన కార్మిక చట్టం ప్రకారం నియామకపు ఖర్చు కూలివాని నుంచి వసూలు చేయరాదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించరాదు. 2016 నుంచి ఉద్యోగపు కాగితం కార్మికునికి తెలిసిన భాషలోనూ ఉండాలన్నారు. ఆ భాషలలో ఉర్దూ, హిందీ ఉన్నాయి, తెలుగు లేదు. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడుతారు, బడిలో తెలుగు చదువుతారు. మాట వచ్చును, లిపి రాదు. అందుకే వేలిముద్ర పెట్టినట్టే సంతకం పెట్టి వస్తున్నారు. ఇది మూడవ పాఠం.

నాలుగవది పని నేర్చి పోవడం. ఐటీఐ చేసి పోయిన మా దోస్తు ఒకడు ఏసీ మెకానిక్. నీడలో పని, సంసారాన్నీ తెచ్చుకొన్నాడు. అదే బస్తీ నుంచి పని రాక పోయినవాడు మే నెల ఎండలో సిమెంటు కలుపుతున్నాడు. ఇద్దరూ కష్టజీవులే, తేడా ఒక్క సర్టిఫికెట్టు!

కేరళవారు 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే శాఖ పెట్టుకొన్నారు. మన రాష్ట్రంలోనూ టామ్‌కామ్ అని సర్కారు సంస్థ ఉంది. కాని గడప దాటే ముందు కాగితం చదివి చెప్పే మనిషి బస్తీలోనే ఉండాలి. కనుక సంఘానికి మా విన్నపాలు మూడు.

ఒకటి, ప్రతి ఆదివారం మన కార్యాలయంలో ఉర్దూ, ఇంగ్లీషు వచ్చిన ఇద్దరు కూర్చొని, పోయేవారి వీసా, ఒప్పందం చదివి చెప్పాలి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉన్నదా అని ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌లో చూడాలి. మొదటి రెండు ఆదివారాలు మేమే కూర్చొంటాము. రెండు, పోయినవారి పేరు, కంపెనీ, పాస్‌పోర్టు, బీమా నకళ్లు ఒక రిజిస్టరులో ఉండాలి. ఆపద వచ్చిననాడు ఆ ఇంటి ఆడపడుచు పది ఆఫీసులు తిరగకూడదు. మూడు, పది తప్పిన పిల్లలను మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టి ఐటీఐలో చేర్పించాలి.

తల్లులారా, విమానం టికెట్టు చూసి మురవకండి. "బిడ్డా, వీసా మీద ఏం రాసి ఉన్నది?" అని అడగండి. అప్పుకు సంతకం పెట్టే ముందే అడగండి.