మరల నీటిలోనికి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



కలకడ ప్రాంతమున చెరువు నిండుట అరుదు. అయినను ఇచ్చటి పెద్దలలో ఈత వచ్చినవారు పెక్కురు కలరు. కపిల తోలిన బావులే వారికి కొలనులు. తండ్రి కొడుకు నడుమునకు మునగబెండ్లు గట్టి బావిలోనికి దింపెడివాడు. దినదినము ఒక్కొక్క బెండు తీసివేయుచు రాగా, తుదకు బెండ్లు లేకయే పిల్లవాడు తేలెడివాడు. బోరుబావులు వచ్చిన పిదప ఆ బావులు చాలవరకు ఎండిపోయినవి. ఆ బెండ్ల పాఠము మాత్రము ఎండిపోరాదు. భుజము చెడి, శస్త్రచికిత్స పొందిన ఈతగాడు మరల పందెమునకు దిగుటయందును ఆ పాఠమే ప్రధానము.

మన భాషలో చేతికి రెక్క యను పేరు కలదు. రెక్కాడినగాని డొక్కాడదని సామెత. ఈతగానికి ఆ రెక్కయే సర్వస్వము. భుజపు కీలు శరీరమందలి కీళ్లన్నింటికంటె ఎక్కువగ తిరుగునది. గుండ్రని ఎముకతల లోతులేని గిన్నెలో నిలిచియుండును. దానిని చుట్టి నాలుగు కండరములు పగ్గములవలె పట్టియుంచును. గిన్నె లోతులేనిదగుటచే చేయి అన్నివైపులకు తిరుగును. అందుచేతనే అది సులభముగా చెడును. పందెపు ఈతగాడు వారమునకు వేలకొలది బారలు వేయును. బార బారకును ఆ పగ్గములు రాచుకొని, వాచి, కొన్నాళ్లకు చినుగును. విశ్రాంతికిని వ్యాయామమునకును లొంగనప్పుడు వైద్యుడు శస్త్రము పట్టును.

శస్త్రము ముగియుటతో చికిత్స ముగియదు. కుట్టిన కండరము ఎముకను తిరిగి పట్టుకొనుటకు నెలలు పట్టును. మొదట కొన్ని వారములు చేయి జోలెలో నుండవలెను. పిమ్మట చేతిని ఇతరులు కదిలింతురు. ఆపై తానే కదలించును. ఆపై బలము కూర్చుకొనును. నీటిలో దిగిన తొలినాళ్లలో కాళ్లు మాత్రమే ఆడించును. తరువాత మెల్లని బారలు, తుదకు వేగము. పందెమునకు చేరుటకు ఆరు నెలలో, అంతకు మించియో పట్టవచ్చును. ఒక్కొక్క బెండే తీసివేయుట యనగా నిదియే. రెండు బెండ్లు ఒక్కమారు తీసినవాడు మునుగును.

రామాయణమున కిష్కింధాకాండమందు సంపాతి వృత్తాంతము కలదు. తమ్ముడైన జటాయువును సూర్యుని వేడినుండి కాపాడుటకై తన రెక్కలను కప్పి, అవి కాలిపోగా అతడు వింధ్యపర్వతముపై పడెను. నిశాకరముని మాటను నమ్మి చిరకాలము వేచియుండెను. సీత జాడ వానరులకు తెలిపినపుడు రెక్కలు మరల మొలచెను. అతడు వేచియుండుటయే కాదు, వేచియున్న కాలమున పరులకు ఉపకరించు పనియు చేసెను. ఈ రెండవ మాట మరువరానిది.

పరదేశమున ఒక నిదర్శనము కలదు. అమెరికా ఈతకత్తె డారా టోరెస్ బీజింగు ఒలింపిక్ క్రీడలకు ముందటి నెలలలో భుజమునకు శస్త్రచికిత్స చేయించుకొనెను. అప్పటికే ఆమె ఒక బిడ్డకు తల్లి. 2008లో, 41 ఏండ్ల వయస్సున, ఆ క్రీడలలో మూడు రజతపతకములు గెలిచెను. 50 మీటర్ల పందెమున స్వర్ణము ఆమెకు సెకండులో నూరవవంతు తేడాతో తప్పిపోయెను.

ఆట వేరైనను, తెలుగునాట ఇట్టి పునరాగమనమునకు పుల్లెల గోపీచంద్ చరిత్రయే ప్రసిద్ధము. నాగండ్ల గ్రామమున 1973లో జన్మించిన ఈ బ్యాడ్మింటన్ క్రీడాకారునకు 1994లో ఆటలో మోకాలు చెడెను. వైద్యులు లిగమెంటు అని పిలుచు కట్టు తెగినది. కోర్టులో ఎగురుట, వంగుట, ఒక్క కాలిపై మరలుట యంతయు మోకాలి పనియే గదా! శస్త్రచికిత్సలు జరిగినవి. ఆట ముగిసినదని తలచుటకు ఎవరికైనను కారణము కలదు. కాని 1996లో అతడు జాతీయ విజేత యయ్యెను. 2000 వరకు వరుసగా ఐదేండ్లు ఆ బిరుదు నిలుపుకొనెను. 2001 మార్చి 11వ తేదీన బర్మింగ్‌హామ్ నగరమున చైనా క్రీడాకారుడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండు విజేత యయ్యెను. 1980లో ప్రకాశ్ పదుకొనె గెలిచిన తరువాత ఆ కీర్తి భారతీయునకు దక్కుట అదియే మొదలు. పిమ్మట హైదరాబాదులో శిక్షణాలయము నెలకొల్పెను. అతని శిక్షణలో సైనా నెహ్వాల్ 2012లో కాంస్యమును, పి.వి. సింధు 2016లో రజతమును ఒలింపిక్ క్రీడలలో గెలిచిరి. సంపాతి చేసిన ఉపకారము వంటిదే యిది.

అయితే, పతకములు పొందువారు కొందరే. చెడిన భుజములు ప్రతి యూరను ఉన్నవి. టమోటా పెట్టెలు మదనపల్లె మార్కెట్టునకు ఎత్తు కూలివాని భుజము, చేనిలో మందుడబ్బా మోయు రైతు భుజము, నీళ్లబిందె నెత్తు తల్లి భుజము ఈతగాని భుజమునకు తీసిపోవునవి కావు. ఈతగానికి వ్యాయామము నేర్పువాడు ప్రక్కన నుండును. కూలివానికి రేపటి కూలి మాత్రమే ప్రక్కన నుండును. అందుచేత అతడు నొప్పిని దాచును. నొప్పిని దాచుట అప్పును దాచుట వంటిది, వడ్డీ ఊరకుండదు. చికిత్స పొందిన వాని బరువును కొన్నినెలలు ఇంటివారును ఇరుగుపొరుగును పంచుకొనకున్న, ఎంతటి వైద్యుని కుట్టయినను నిలువదు. బావిలో బిడ్డ నీదునప్పుడు తండ్రి గట్టుపై కూర్చుండి బెండ్ల త్రాడు చేతబట్టుకొనలేదా! ఆ త్రాడు పట్టుట ఊరి ధర్మము.

ఈ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలిపినదియు అట్టి చేతులే. ఒకరు అలసినపుడు వేరొకరు తాళపుచెవి పుచ్చుకొనిరి. ఆ చేతులకు నమస్కారము.

స్వస్తి.