ఉచిత విహారయాత్రలు

కోయిలకుంట్ల ప్రాంతమున నాలుగు రోజులు తీరిక దొరికినచో అహోబిలమునకో యాగంటికో పోయివచ్చుట పూర్వాచారము. సద్దిమూట కట్టుకొని పోయినవారు మరునాటికి ఇల్లు చేరుదురు. గోవా, కొడైకెనాల్, మున్నారు అను పేర్లు ఇక్కడి ఇండ్లలో వినబడుట ఇటీవలి ముచ్చట. పిల్లలు హైదరాబాదులోను బెంగుళూరులోను ఉద్యోగములు చేయుచున్నారు, ఫోనులో కొండలు, సముద్రములు కనబడుచున్నవి, కోరిక పుట్టినది. ఏడాది పొడవున శనగచేలలో నడుము వంచినవారు నాలుగు దినములు చల్లగాలి కోరుకొనుట న్యాయమే. ఆ కోరికను పసిగట్టి ఫోను చేయువారిని గూర్చి నేడు కొంత మనవి చేయుదును.

నంద్యాలలోనో కర్నూలులోనో ఒక బట్టల దుకాణమున చీటీ నింపి పెట్టెలో వేసియుందుము. కొన్నాళ్లకు ఫోను మ్రోగును. “సార్, మీ చీటీ డ్రాలో వచ్చినది. మూడు పగళ్లు, రెండు రాత్రులు విహారయాత్ర ఉచితము. ఆదివారము సాయంత్రము హోటలుకు వచ్చి కానుక అందుకొనుడు. మేడమ్‌ను తప్పక వెంట తీసికొని రండి.” శ్రోతలు ఈ చివరి మాటను గమనింపవలెను. భర్త ఒక్కడే పోయినచో “ఇంట అడిగి చెప్పెదను” అని లేచి రాగలడు. ఇద్దరును పోయినచో ఆ త్రోవ మూతపడును.

హోటలులో టీ, బిస్కెట్లు ఇచ్చి ఒక బల్ల వద్ద కూర్చుండబెట్టుదురు. మాటకారియైన యువకుడు పిల్లలెందరని, కడపట ఎక్కడికి పోయితిరని అడుగును. గంటన్నర అని పిలిచినది మూడు గంటలగును. ప్రక్క బల్ల వద్ద ఎవరో సభ్యులైరని చప్పట్లు మ్రోగును. మొదట నాలుగు లక్షలన్న వెలను, పెద్ద ఉద్యోగి ఒకడు వచ్చి, మనపై దయ తలచినట్లు రెండున్నర లక్షలకు దించును. అయితే ఆ వెల ఆ పూటకు మాత్రమే. ఒప్పందపు కాగితమును ఇంటికి తీసికొనిపోయి చదివెదమన్నచో వీలుపడదందురు. ఒకరి యింట కాఫీ త్రాగి వారి మాటను కాదని లేచివచ్చుట మనవారికి ప్రాణసంకటము. ఈ వ్యాపారమునకు అసలు పెట్టుబడి మన మొగమాటమేనని నా అభిప్రాయము.

టైమ్‌షేరు అనునది పుట్టుకతోనే మోసము కాదు. చెరువు నీటికి వంతులు వేసికొనునట్లు, ఒక విహారగృహమును ఏడాదిలోని వారములుగా పంచుకొని వాడుకొనుటయే దాని మూలము. 1960 దశకమున స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశములలో మొదలైనది. మన దేశమున 1986లో స్టెర్లింగు సంస్థయు, 1996లో మహీంద్రా వారి సంస్థయు ఏర్పడినవి. నెలజీతము, నిర్ణీతమైన సెలవులు, ఏటేట తప్పక ప్రయాణమగు అలవాటు గల కుటుంబములకు ఇది ఉపయోగపడవచ్చును. మన సీమ సంగతి వేరు.

సభ్యత్వపు వెలతో వ్యవహారము ముగియదు. ఏటేట నిర్వహణ రుసుము చెల్లింపవలెను. పోయినను, పోకున్నను చెల్లింపవలెను. రుసుము 15,000 రూపాయలనియు, ఏడాదికి నూటికి 5 చొప్పున పెరుగుననియు అనుకొందము. 25 ఏండ్లలో అది 7 లక్షల 15 వేల రూపాయలు దాటును. మొదట కట్టిన రెండున్నర లక్షలు దీనికి వేరు.

ఈ రుసుము క్యాలెండరు ననుసరించి వచ్చును. కోయిలకుంట్ల రైతు రాబడి వాన ననుసరించి వచ్చును. 1800లో దత్తమండలములు ఇంగ్లీషువారి చేతికి పోయిన పిమ్మట మన్రో దొర ఇక్కడ రైతువారీ శిస్తు నెలకొల్పెను. ఆ శిస్తు బరువు తక్కువది కాదు. అయినను పంట పోయిన ఏట జమాబందీలో వజా కోరుకొను వాడుక ఉండెడిది. విహార సంస్థ ఒప్పందములో మన కరవునకు వజా వ్రాసియుండదు. రుసుము కట్టనినాడు గది దొరకదు. బాకీ మాత్రము పెరుగును. సభ్యత్వమును మరియొకరికి అమ్ముదమన్నచో కొనువారు అరుదు.

ఇక ఆ ఉచిత యాత్ర మాట. కానుక చీటీ వెనుక సన్నని అక్షరములుండును: దారి ఖర్చులు మనవే, భోజనము మనదే, పన్నులు మనవే, పండుగ దినములలో చెల్లదు, గది ఖాళీగా ఉన్ననే దొరకును. 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము ప్రకటనలను గూర్చి నియమములు చేసినది. వానిని బట్టి, ప్రకటనకు బదులిచ్చుటకును, వస్తువును తెచ్చుకొనుటకును తప్పని ఖర్చు తప్ప మరేమైనను వసూలు చేయుదురేని దానిని ఉచితమని ప్రకటింపరాదు.

విహారము పేర పెట్టుబడులు దండుటయు కలదు. ముంబయిలోని పాన్‌కార్డ్ క్లబ్స్ అను సంస్థ హోటలు గదుల రాత్రులను అమ్మి, వాడుకొననివారికి గడువు పిమ్మట సొమ్ము ముట్టజెప్పుదుమనెను. అది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని తేల్చి, 2016 ఫిబ్రవరిలో సెబీ 7,035 కోట్ల రూపాయలు తిరిగి ఈయవలసినదని ఆజ్ఞాపించెను. సొమ్ము కట్టినవారు 50 లక్షలకు పైబడినవారు.

ఐరోపా సమాఖ్య దేశములలో టైమ్‌షేరు కొన్నవారు 14 దినములలోపల కారణము చెప్పకయే మానుకొనవచ్చును. ఆ గడువులో వారినుండి బయానా పుచ్చుకొనరాదు. మన దేశమున ఈ వ్యాపారమునకు ప్రత్యేకమైన చట్టము లేదు. కొన్ని సంస్థలు తమంత తామే కొద్ది దినముల గడువు నిచ్చుచున్నవి. అది ఒప్పందములో వ్రాసియుండవలెను, నోటిమాట చాలదు.

ఇట్టి పిలుపునకు పోకుండుటయే మేలని నేననుకొందును. ముచ్చటపడి పోయినవారు బ్యాంకు కార్డును ఇంట విడిచి పోవలెను. ఇదివరకే సంతకము చేసినవారు రసీదును, ఒప్పందమును, ఫోనుకు వచ్చిన సందేశములను భద్రపరచుకొని, ముందుగా సభ్యత్వము రద్దు కోరుచు వ్రాతమూలకముగా తెలుపవలెను. 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2019 నాటి చట్టము ప్రకారము, సంస్థ ఏ నగరమున నున్నను, మనము నివసించు ప్రాంతముపై అధికారము గల జిల్లా వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయు హక్కు మనకు కలదు. కట్టిన సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. వ్యాజ్యకారణము ఏర్పడిన నాటినుండి రెండేండ్లలోగా ఫిర్యాదు దాఖలు కావలెను.