ఎండ మనందరి ఉమ్మడి పడుగు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పండుగనాడు జ్ఞాపకాలు చెప్పుకోవడం ఆచారం. నేను కూడా ఒక జ్ఞాపకంతోనే ప్రారంభిస్తాను. మా ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు ఉండేవి. వెనుక గదిలో మేముండేవాళ్ళం. కరెంటు పోగానే వాడ మొత్తం ఒక్కసారిగా మూగబోయేది. పిల్లలమైన మాకు ఆ నిశ్శబ్దం ఆటవిడుపు. మా నాయనకు మాత్రం అది వారం కూలిలో కోత. మా అమ్మ కండెలు చుట్టడం ఆపి బీడీల చాటను ఒడిలోకి తీసుకునేది. మన షోలాపూర్ నేతపేటలలో కరెంటు అంటే వెలుతురు మాత్రమే కాదు, అన్నం కూడానని నాకు ఆనాడే తెలిసింది. ఆ కారణంచేతనే నేటి ప్రసంగానికి ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

ప్రపంచమంతటా నేడు వినిపిస్తున్న మాట ఒకటి ఉన్నది: శక్తి మిగులు వాడ. ఒక వాడ సంవత్సరం మొత్తం మీద తాను వాడుకునే శక్తికన్న ఎక్కువ శక్తిని తానే ఉత్పత్తి చేసుకుంటే అది మిగులు వాడ. అటువంటి వాడలు పెరిగితే నగరం వాతావరణానికి చేసే హాని క్రమంగా తగ్గుతుంది. జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో రోల్ఫ్ డిష్ అనే వాస్తుశిల్పి 59 ఇండ్లతో ఇటువంటి సూర్యవాడను నిర్మించారు. ఐరోపా దేశాలు 2025 నాటికి ఇటువంటి వాడలు నూరు ఏర్పరచాలని 2018లో సంకల్పించాయి. మన దేశంలో గుజరాత్‌లోని మొఢేరా 2022 అక్టోబరులో సౌరగ్రామంగా ప్రకటింపబడింది. 2070 నాటికి దేశాన్ని కర్బన తటస్థం చేస్తామని 2021లో గ్లాస్గో సభలో భారతదేశం మాట ఇచ్చింది.

అవన్నీ దూరపు మాటలు కావా అని మీరు అడుగవచ్చును. మన ఊరికి చేరువలోనే, ఒక్కొక్కటి 660 మెగావాట్ల శక్తిగల రెండు యూనిట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్నది. దేశంలోని విద్యుత్తులో అధికభాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. ఆ లెక్కన మనం వాడే ప్రతి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఆ వేడి తిరిగి ఎవరి నెత్తిన పడుతున్నది? ఎండాకాలంలో 43, 44 డిగ్రీల నాడు రేకుల కప్పు క్రింద చద్దర్లు, తువ్వాళ్లు నేసే కార్మికుని నెత్తినే గదా!

ఇక మన లెక్క చూద్దాం. పదవ తరగతి విద్యార్థులు నాతోపాటు వేసుకోవచ్చును. ఒక కిలోవాటు సౌర పలకలకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. అవి సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి ఒక కిలోవాటు చాలును. అనగా, బీడీలు చుట్టుకొని బ్రతికే చిన్న కుటుంబం కూడా తన పైకప్పుతోనే మిగులు సాధించగలదు.

సాంచాల ఇంటి లెక్క వేరు. ఒక అశ్వశక్తి మోటారు అంటే 746 వాట్లు. పూర్తి భారంతో ఎనిమిది గంటలు నడిస్తే దాదాపు 6 యూనిట్లు. నాలుగు సాంచాలు రెండు పాళ్ళు నడిస్తే 48 యూనిట్లు. దానికి 12 కిలోవాట్లు, అనగా 1,200 చదరపు అడుగుల కప్పు కావాలి. నీళ్ళ ట్యాంకు, మెట్లగది, బట్టలారేసే దండెం పోగా అంత చోటు మన ఇండ్లలో ఎక్కడిది? కనుక సాంచాల ఇల్లు ఒంటరిగా మిగులు సాధించలేదు. వాడ సాధించగలదు. గోదాములు, కల్యాణ మంటపాలు, పాఠశాలలు, అద్దకపు కార్ఖానాలు, చిన్న ఇండ్లు అన్నీ కలిస్తేనే ఆ లెక్క తేలుతుంది.

ఇచ్చట నా స్వానుభవం ఒకటి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట మా డాబాపై రెండు కిలోవాట్ల పలకలు పెట్టించాను. రెండు వేసవులు బిల్లు చూసి మురిసిపోయాను. మూడవ యేట మా పడమటి ఇంటి బావ వచ్చి, "బావా, పిల్లవాని పెండ్లి కుదిరింది. పైన రెండు గదులు వేసుకోక తప్పదు" అన్నాడు. గదులు లేచాయి. మధ్యాహ్నం రెండు దాటితే మా పలకలపై నీడ. వరుసగా కలిపిన పలకలలో కొన్నింటిపై నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోతుంది. ఆరు నెలలు మా రెండిండ్ల మధ్య మాటలు లేవు.

తన స్థలంలో తాను గది కట్టుకోవడం బావ తప్పు కాదు. నా తప్పు కూడా లేదని చాలాకాలం అనుకున్నాను. కాని ఒక తప్పు నాదే. పలకలు పెట్టించే ముందు నేను పక్కింటి తలుపు తట్టలేదు. ఎండ నా ఒక్కని సొత్తు అనుకున్నాను. పడుగు పోగులన్నీ ఒకే బిగువున ఉంటేనే గుడ్డ నేయగలమని తెలిసిన కులవృత్తివాడను, ఇంత చిన్న సంగతి మరచిపోయాను. నేటికీ ఆ పలకలు సాయంకాలం నీడలోనే ఉన్నాయి. బావ, నేను మాత్రం మళ్ళీ కలిసి టీ త్రాగుతున్నాము.

అందుచేత ప్రణాళిక అన్నది వాడ స్థాయిలో జరగాలి. అందులో మొదటి మెట్టు ఉత్పత్తి కాదు, పొదుపు. కప్పుకు తెల్ల సున్నం లేదా చల్లదనపు పూత వేస్తే గదిలో వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్నే ప్రకటించింది. మాటిమాటికీ చుట్టించిన పాత మోటార్లు కరెంటును వృథా చేస్తాయి. అద్దకానికి కావలసిన నీటిని ముందుగా ఎండతో కాచుకుంటే బాయిలరు క్రింద కట్టె, బొగ్గు తగ్గుతాయి. ఉజని నీరు దూరం నుండి పంపులతో వస్తుంది గనుక, నీటి పొదుపు కూడా విద్యుత్ పొదుపే.

రెండవ మెట్టు ఉత్పత్తి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో ఇండ్లకు మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడు కిలోవాట్లు లేదా అంతకు మించితే మొత్తం 78,000 రూపాయల సహాయం నిర్ణయించారు. మర మగ్గాలకు సౌరశక్తి సహాయం 2017 నాటి పవర్‌టెక్స్ పథకంలోనే ఉండినది. దరఖాస్తు చేసే ముందు అప్పటి నిబంధనలు విచారించుకోవాలి.

అడ్డంకులు లేవని నేను అనను. పాత రేకుల కప్పు పలకల బరువును, గాలి తాకిడిని మోయలేకపోవచ్చును. అద్దెకుండేవారికి కప్పే తమది కాదు. రాత్రి పాళీకి ఎండ ఉండదు. పగలు మిగిలినది గ్రిడ్‌కిచ్చి రాత్రి తీసుకోవలసినదే. కుంభారి వద్ద 2006లో బీడీ కార్మికులకు అందిన పదివేల ఇండ్లు, 2024 జనవరిలో రే నగర్‌లో శ్రామికులకు అందిన 15,000 ఇండ్లు ఒక్క సంగతిని రుజువు చేశాయి: పేదలు సంఘంగా నిలిస్తే పెద్ద పనులు జరుగుతాయి. పెండ్లిళ్ళకు గదులు లేవడం ఆగదు. కాని ఏ కప్పు ఎండకు, ఏ కప్పు గదులకు అన్నది ముందుగా కూర్చుని మాట్లాడుకోగలం.

ఆ మాట ఈ బడి నుండే మొదలు కావాలని నా విన్నపం. ఈ బడి కప్పు విశాలమైనది. ఎండ మండే మే నెలలో బడికి సెలవులు. అప్పుడు ఆ కప్పు ఇచ్చే శక్తి దాదాపు అంతా మిగులే. ఇంకొక విన్నపం విద్యార్థులకు. వచ్చే ఏడాది మీరు ఇంటింటికీ వెళ్ళి, ప్రతి కప్పు పొడవు వెడల్పులు కొలవండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి నీడ ఎక్కడ పడుతున్నదో గీయండి. బిల్లులోని యూనిట్లు వ్రాసుకోండి. పై అంతస్తు వేసే ఆలోచన ఉన్నదా అని తప్పక అడగండి. ఆ పటం తెలుగులో ఉండాలి. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు చదువుకోగలగాలి. కొలత పరికరాలకు, పటం అచ్చుకు అయ్యే ఖర్చు పూర్వ విద్యార్థులం భరిద్దాం. అందులో మొదటి వంతు నాది.

మన పెద్దలు తెలంగాణ పల్లెల నుండి ఈ ఊరికి మగ్గాన్ని, మాటను వెంట తెచ్చుకున్నారు. మాటను ఈ బడి కాపాడింది. మగ్గాన్ని కాపాడే పని మనది. ఈ బడి శతజయంతి నాటికి కరెంటు పోయినా మన వాడ మూగబోకూడదని కోరుకుంటున్నాను.