ఉప్పు లెక్క

పరిశోధక విద్యార్థులకు గణాంక విశ్లేషణ పద్ధతుల గురించి చెప్పమని పిలిచారు. ముప్ఫై ఏళ్లు ఈ పాఠమే చెప్పినవాణ్ని, నల్లబల్ల కనిపిస్తే సూత్రాలు రాయమని చెయ్యి లాగుతుంది. ఈ పూటకు ఆపుకుని ఉప్పుతో మొదలుపెడతాను.

1947 అల్లర్లప్పుడు ఢిల్లీలో ఎందరో జనం ఎర్రకోటలోనూ, కొందరు హుమాయూన్ సమాధి ఆవరణలోనూ తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది, సరుకులు తెచ్చే పని కాంట్రాక్టర్లది. లోపల ఎందరున్నారో లెక్క లేదు. ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు అని కాంట్రాక్టర్లు బిల్లు పెడితే సర్కారు చెల్లించాల్సిందే. ఖర్చు చూసి కళ్లు తిరిగాక గణాంకవేత్తలను పిలిచారు. కోటలోకి వెళ్లి తలలు లెక్కపెట్టే వీలు లేదు. చేతికొచ్చినవి ఆ సరుకుల లెక్కలే.

మనిషికి రోజుకు ఏ సరుకు ఎంత పడుతుందో వినియోగ సర్వేల వల్ల తెలుసు. బిల్లులోని బియ్యాన్ని తలసరి బియ్యంతో భాగిస్తే ఒక జనసంఖ్య వచ్చింది. పప్పుతో ఇంకొకటి, ఉప్పుతో మరొకటి. ఒకే కోటకు మూడు జనాభాలు! బియ్యం చెప్పినది అన్నిటికన్నా పెద్దది, ఉప్పు చెప్పినది అన్నిటికన్నా చిన్నది. మనమైతే ఏం చేస్తాం? మూడూ కూడి, మూడుతో భాగించి, పక్కన ప్రామాణిక విచలనం కూడా వేసి చేతులు దులుపుకుంటాం. ఆ గణాంకవేత్తలు ఉప్పునే నమ్మారు. అప్పట్లో ఉప్పు కారుచౌక, దాన్ని పెంచి రాసినా కాంట్రాక్టరుకు మిగిలేది లేదు. చిన్న శిబిరమైన హుమాయూన్ సమాధి దగ్గర విడిగా తెలుసుకున్న సంఖ్యతో పోల్చి చూస్తే, ఉప్పు లెక్క దాదాపుగా సరిపోయింది.

ఈ ఉపాయం ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జె.ఎం. సేన్‌గుప్తాది. దీన్ని తన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో చెప్పినవారు సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుని, 1945లో, పాతికేళ్ల వయసులో, అంచనాలకే ఒక హద్దు గీసిన మనిషి. నిష్పాక్షికమైన అంచనా ఎంత తెలివిగా కట్టినా అందులోని ఊగిసలాట ఇంతకన్నా తగ్గదని చెప్పే క్రామర్-రావు హద్దు అది. అంతటి గణితం తెలిసినాయన, భాగహారం తప్ప మరేమీ లేని ఈ కథను ఓపిగ్గా చెప్పారు. నాకైతే ఆ హద్దు ఎంత ఇష్టమో, ఈ ఉప్పూ అంతే ఇష్టం.

సరే, అక్కడ కాంట్రాక్టరు దొంగ లెక్క రాశాడు. ఎవరూ దొంగలు కాకపోయినా అంకె ఉబ్బుతుంది. పంట దిగుబడి అంచనా వేయడానికి పొలంలో కొంత మేర కొలిచి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. పంటకోత ప్రయోగం అంటారు. బెంగాల్లో గణాంకవేత్త మహలనోబిస్ ఈ పని మీద ఏళ్ల తరబడి కూర్చుని గమనించిన వాటిలో ఒకటి, కోత కోసే మడిచెక్క మరీ చిన్నదైతే దిగుబడి ఎక్కువగా కనబడుతుందని. కారణం వరి కోసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. హద్దుగా కట్టిన తాడు కింద పడ్డ కుదురు లోపలిదా, బయటిదా? కొడవలి లోపలిదే అంటుంది. మీటరు చదరానికి చుట్టుకొలత 4 మీటర్లు, వైశాల్యం ఒక చదరపు మీటరు. అయిదు మీటర్ల చదరానికి చుట్టుకొలత 20, వైశాల్యం 25. అంటే వైశాల్యంతో పోలిస్తే చిన్న చెక్కలో హద్దు తగాదా అయిదింతలు.

పెద్ద చెక్కలోనూ తగాదా పూర్తిగా పోదు. 25 చదరపు మీటర్లంటే హెక్టారులో 400వ వంతు. పది పదిహేను కుదుళ్లు అదనంగా లోపలికొచ్చి తూకం పావు కిలో పెరిగితే, కాగితం మీద హెక్టారుకు క్వింటాలు పెరిగినట్టే. దిగుబడి లెక్క మీద పంటల బీమా తేల్చేచోట ఆ క్వింటాలు రైతు పరిహారంలోంచి పోతుంది. వెయ్యి పొలాల్లో ఇలాగే కోస్తే తప్పు పోతుందా? పోదు, తప్పు సగటు మరింత ధీమాగా కూర్చుంటుంది. శాంపిల్ సైజు పెంచితే చాలనుకునేవాళ్లు ఈ కుదురును గుర్తుంచుకోండి.

ఇక మన చేతి సంగతి. కిందటేడు ఒక పరిశోధక విద్యార్థిని పెన్‌డ్రైవుతో వచ్చింది. రెండు రకాల పాఠశాలల పిల్లలను 20 అంశాల్లో పోల్చింది. "సార్, ఏ టెస్టు పెడితే సిగ్నిఫికెంట్ వస్తుందో చెప్పండి" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, మనం నేర్పిన భాషే అది.

ఇలా అంతా అయ్యాక అడగడం గురించే 1938లో కలకత్తాలో గణాంకవేత్తల సభలో ఫిషర్ ఒక మాట అన్నాడు: ప్రయోగం అయిపోయాక మా దగ్గరికొస్తే మేం చేయగలిగింది చాలాసార్లు శవపరీక్షే అని. ఆయన టీ కప్పుల ఉదాహరణ మీకు తెలిసిందే. పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనంది ఒకావిడ. ఎనిమిది కప్పులు, అందులో నాలుగింటిలో పాలు ముందు. ఊరికే ఊహించి నాలుగూ సరిగ్గా పట్టే అవకాశం 70లో ఒకటి. అదే ఆరు కప్పులు, మూడూ మూడూ అయితే 20లో ఒకటి. అప్పుడు ఆవిడ ఒక్క తప్పు చేయకపోయినా మనం ఔనో కాదో అన్నచోటే ఆగుతాం. ఎన్ని కప్పులన్నది టీ కాచకముందే తేల్చుకోవాలి. మనకైతే ఫిల్టర్ కాఫీతో చెయ్యాలి గానీ, ఆ రుచుల మీద ఇక్కడ తగాదాలొస్తాయి.

ఆ అమ్మాయి 20 పోలికలకు వద్దాం. నిజంగా ఎక్కడా తేడా లేదనుకోండి, పోలికలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకోండి. సిగ్నిఫికెంట్ అనడానికి 0.05 గీత పెట్టుకుంటే కనీసం ఒకటైనా ఆ గీత దాటే అవకాశం నూటికి 64. ఆమె పట్టికలో రెండింటి పక్కన, గీత దాటాయని చెప్పే నక్షత్రం గుర్తులున్నాయి. థీసిస్ మొత్తం ఆ రెండింటి చుట్టూ అల్లాలని ఆమె ఆలోచన. బియ్యం బస్తాలు పెంచి రాసిన చెయ్యి ఈసారి మనదే.

"పాఠశాలలకు వెళ్లకముందు ఏం తెలుసుకుందామనుకున్నావమ్మా?" అని అడిగాను. మొదటి ఏడాది సమర్పించిన సినాప్సిస్ వెతికి తెచ్చింది. అందులో ఒక్కటే ప్రశ్న ఉంది. దానికి డేటా ఇచ్చిన జవాబు, చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని. ఆమె మొహం చూసి నాకే జాలేసింది. అయినా మొదటి పట్టికగా దాన్నే వేయించాను. దాని వెనక మిగతా 19 కూడా వరసగా వేయించి, ఆ రెండు నక్షత్రాలు తీసేయించాను.