ప్రావిడెంటు ఫండు పింఛను: వెంటనే కోరుటయా, ఆగుటయా?

పంచాయతీ సభ్యులారా!

మన గ్రామములలో చక్కెర కర్మాగారములలోను, జనపనార మిల్లులలోను, బీడీ ఖార్ఖానాలలోను పనిచేసి ఇల్లు చేరినవారు అనేకులు కలరు. వీరికి వచ్చు పింఛను, ప్రభుత్వము వృద్ధులకు చేయు సహాయము వంటిది గాదు. 1995 నవంబరు 16వ తేదీన అమలులోనికి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకము క్రింద, సర్వీసును బట్టి లభించు హక్కు. పదేండ్ల సర్వీసు గలవారికి 58 ఏండ్లు నిండగానే ఇది చెల్లును.

2016లో ఈ పథకమున నొక మార్పు జరిగినది. కోరినవారు 60 ఏండ్ల వరకు పింఛను పుచ్చుకొనక ఆగవచ్చును. ఆగిన ప్రతి సంవత్సరమునకు 4 శాతము హెచ్చును. హెచ్చు అన్న మాట ఎవరికి చేదు? అందుచేత రెండేండ్లు ఆగుమందురా అని రచ్చబండకడ మిమ్ము అడుగువా రుందురు. వారికి బదులు చెప్పుటకు ముందు లెక్క వేయవలెను.

పింఛనుకు లెక్కించు సగటు జీతమును సర్వీసు సంవత్సరములతో గుణించి 70 చేత భాగించిన నెల పింఛను తేలును. జీతము 10,000 రూపాయలు, సర్వీసు 14 ఏండ్లు అనుకొందము. నెలకు 2,000 రూపాయలు వచ్చును. రెండేండ్లు ఆగినచో సుమారు 2,160 అగును. హెచ్చినది 160, వదలుకొన్నది 24 నెలల పింఛను, అనగా 48,000. నెలకు 160 చొప్పున ఆ సొమ్ము తిరిగి చేరుటకు 25 ఏండ్లు పట్టును. అప్పటికి ఆ మనిషికి 85 ఏండ్లు!

ఇంకొక విధముగా చూడుడు. ఇంటి ఖర్చుకు వేరే ఆదాయమున్నవాడు 58వ యేటనే పింఛను తీసికొని, ముట్టక, తపాలా కార్యాలయపు సేవింగ్సు ఖాతాలో వేసెననుకొందము. 48,000 మీద నేటి 4 శాతము వడ్డీ యేటికి 1,920, నెలకు సరిగా 160. ఆగినవానికి వచ్చు హెచ్చును అంతే. వీనికి మాత్రము అసలు చేతిలోనే యుండును. భర్త పోయిన పిమ్మట భార్యకు అతని పింఛనులో సగమే వచ్చును గనుక, ఆగి సంపాదించిన 160లో ఆమెకు దక్కునది 80. ఖాతాలోని సొమ్మునకు అట్టి కోత లేదు. ధరలతోపాటు పెరుగు కరువు భత్యము ఈ పింఛనుకు లేదన్న సంగతియు మరువరాదు.

చిన్న పింఛనుదారుల స్థితి మరియు విచారింపదగినది. 2014 సెప్టెంబరు నుండి కనీస పింఛను 1,000 రూపాయలు. లెక్కకు 800 తేలినవాడు రెండేండ్లు ఆగి దానిని 864 చేసికొన్నను, ముట్టునది ఆ వేయియే. బీడీలు చుట్టిన స్త్రీలలో ఇట్టివారు కలరు. వారికి ఆగుమని చెప్పుట అన్యాయమని నా అభిప్రాయము. అప్పు వడ్డీ కట్టుచున్నవారి విషయము చెప్పనక్కరలేదు.

ఉద్యోగములో నుండి, పింఛను నిధికి చందా ఇంకను చెల్లుచున్నవాని లెక్క వేరు. ఆ కాలము సర్వీసులో కలియును గనుక, అట్టివాడు ఆగుట లాభింపవచ్చును. అతని కాగితములు చూచి విడిగా లెక్కవేయుడు. పనిలోనున్నవానికి పింఛను రాదను భ్రమ కొందరికి కలదు. 58 నిండినవాడు పని మానకయే పింఛను కోరవచ్చును. పని మానినవాడు 50 నిండిన తరువాత ముందుగాను కోరవచ్చును గాని, ముందైన ప్రతి యేటికి 4 శాతము తరుగును. ఆ తరుగు జీవితాంతము నిలుచును.

ఆలోచించి ఆగుట వేరు, కాగితములు కుదరక ఆగిపోవుట వేరు. ఆధారులో ఒక పుట్టిన తేదీ, ఫండు లెక్కలలో మరియొకటి యుండుట తరచు కనబడును. ఇంటిపేరు అక్షరము తేడాయైనను అర్జీ తిరిగివచ్చును. మీ వార్డులో 57 నిండినవారెవరో తెలిసికొని, ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివింపుడు. భార్య పేరును, ఆమె పుట్టిన తేదీని కూడ అప్పుడే సరిచూడవలెను. తరువాత 10-డి ఫారము నింపించుడు.