బూడిదలోని భాగ్యము

బూడిదలో పోసిన పన్నీరని వ్యర్థమునకు సామెత చెప్పుదుము. ఆ బూడిదయే నేడు గోడలై లేచుచున్నది.

సింగరేణి బొగ్గు రామగుండము, కొత్తగూడెము విద్యుత్కేంద్రములలో కాలి బూడిదయగుచున్నది. అట్టి బూడిదకు సున్నమును, జిప్సమును చేర్చి, ఆవమున కాల్చకయే నీటితడిచే గట్టిపఱచు ‘ఫాల్-జి’ ఇటుకను విశాఖపట్టణపు పరిశోధకులు రూపొందించిరి. మట్టియిటుకకై పొలముల పైమన్ను పోవును. దానిని కాల్చుటకు మరల బొగ్గు కావలెను. ఇందు ఆ రెండు నష్టములును లేవు.

బూడిదను వాడవలెనని కేంద్రప్రభుత్వము 1999లో ఉత్తరువు చేసినది. కాని ఉత్తరువుచే ఇటుక గట్టిపడునా? పాళ్లు తప్పిన ఇటుక యొక్కటి విరిగినచో ఊరెల్ల ఆ పద్ధతినే శంకించును. కావున జిల్లాకొక పరీక్షాశాలయు, చిన్న తయారీదారులకు సులభఋణమును అవశ్యము. అవి లేనిచో బూడిదగుట్టలు పెరుగును, పంటపొలములు గోతులగును.

ఇల్లు కట్టదలచిన గృహస్థులారా! ధర యడుగుటకు ముందు పరీక్షాపత్రము నడుగుడు.